కాన్‌స్టన్స్ స్మిత్: ఒక ఐర్లండు చలనచిత్ర నటి ఉత్థాన పతనములు

చలనచిత్ర చరిత్రలో గెలిచినవారిని గూర్చి గ్రంథములు పుట్టును. ఓడినవారిని గూర్చి కథలు పుట్టును. కాన్‌స్టన్స్ స్మిత్ అను ఐర్లండు నటి విషయమున మిగిలినవి ఎక్కువగా కథలే. 1950 మొదలు 1953 వరకు హాలీవుడ్డునందలి ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ చిత్రములలో పేరొందిన నటుల సరసన నిలిచిన యీమె, 1962 లో లండనునగరపు హాలోవే స్త్రీల కారాగారమున మూడునెలల శిక్ష అనుభవించెను. ఈ రెండు కొనలను కలుపుచు పత్రికలవారు వ్రాసినదంతయు ఒకే వరుసలో నడచును: అందము, అదృష్టము, మొండితనము, మద్యము, పతనము. ఈ వరుస అబద్ధమని చెప్పుటకు వీలులేదు. కాని ఇందొక పెద్ద లోపము కలదు. ఆమెను పైకెత్తిన శక్తులెట్టివి, వాని గడువెంత అను ప్రశ్న ఇందు ఎక్కడను వినబడదు. మెట్లు కట్టినవారే మెట్లు తీసివేసినప్పుడు, పడినదాని స్వభావమును మాత్రమే విచారించుట న్యాయము కాదు.

కాన్‌స్టన్స్ స్మిత్ 1928 జనవరి 22వ తేదీన ఐర్లండు పశ్చిమభాగమునందలి లిమరిక్ పట్టణమున జన్మించెను. తండ్రి డబ్లినువాడు, మొదటి ప్రపంచయుద్ధమున బ్రిటిష్ సైన్యములో పనిచేసినవాడు. 1922 లో స్వతంత్రత పొందిన ఐర్లండులో ఆంగ్లేయుల సైన్యమున కొలువుచేసి వచ్చినవానికి మన్నన తక్కువ. లిమరిక్కునకు సమీపమున ఆర్డ్‌నక్రషా అనుచోట, షానను నది నీటితో విద్యుత్తును పుట్టించు కేంద్రమును జర్మనీదేశపు సీమెన్స్ సంస్థ 1925–1929 నడుమ నిర్మించెను. కొత్తరాజ్యము తలపెట్టిన తొలి మహానిర్మాణమది. ఆ విద్యుత్కేంద్రమే స్మిత్ కుటుంబమునకు కొంతకాలము కూడు పెట్టినది. పిమ్మట వారు డబ్లినునకు తరలిరి. తండ్రి మరణించుటతో ఆ పెద్ద కుటుంబమునకు దరిద్రము తప్ప వేరు ఆస్తి మిగులలేదు.

డబ్లిను పేరు తెలుగువారికి పరాయిది కాదు. బరంపురమున జన్మించిన వరాహగిరి వేంకటగిరిగారు 1913 లో న్యాయశాస్త్రము చదువుటకు ఆ నగరమునకే పోయి, 1916 నాటి ఈస్టరు తిరుగుబాటు జరిగిన యేడే ఆ దేశమును విడువవలసివచ్చిన సంగతి మనవారికి తెలిసినదే. ఆ డబ్లినులో విశ్వవిద్యాలయములును, న్యాయస్థానములును ఒకవైపు. ఒకనాటి ప్రభువుల మేడలను గదులుగా చీల్చి, గదికొక సంసారము చొప్పున అద్దెకిచ్చిన పేటలు మరొకవైపు. ప్రభుత్వములు మారినను ఆ పేటల స్థితి చాలకాలము మారలేదు. అట్టి చోట పెరిగిన ఆడుపిల్లకు ఇండ్లలో పనికత్తెగా చేరుట, దుకాణమున చేరుట, ఓడయెక్కి ఇంగ్లండు పోవుట అను మూడు దారులే సామాన్యముగా ఉండెను. 1950వ దశాబ్దమున ఐర్లండు నుండి దాదాపు నాలుగులక్షలమంది వలసపోయిరి. 1961 జనాభా లెక్కలలో ఆ రాజ్యపు జనసంఖ్య ఇరువదెనిమిది లక్షలకు దిగెను. ఇంత చిన్న దేశమునుండి ఇందరు వెడలిపోవుచున్నప్పుడు ఒక నటి వలసను ప్రత్యేకముగ అదృష్టమని చెప్పుట కష్టము. ఆమెయు ఆ ఓడలలో పోయినవారిలో ఒకతెయే.

సినిమా చూచుటలో ఐర్లండు ప్రజలు ఎవరికిని తీసిపోరు. కాని సినిమా తీయుటకు వారికి తగిన స్టూడియో లేదు. బ్రే పట్టణమునొద్ద ఆర్డ్‌మోర్ స్టూడియో వెలసినది 1958 లో మాత్రమే. అందుచేత తెరమీద ఐర్లండు ముఖము కనబడవలెనన్నచో ఆ ముఖమును ముందుగా లండనునకో హాలీవుడ్డునకో ఎగుమతి చేయవలెను. బాయిల్ పట్టణమున పుట్టిన మౌరీన్ ఒసలివన్, డబ్లినులో పుట్టిన మౌరీన్ ఒహారా ఈ దారినే ముందుగా పోయిరి.

1946 లో డబ్లినునందలి ఒక సినిమాపత్రిక విచిత్రమైన పోటీ పెట్టెను. హాలీవుడ్డు తార హెడీ లమార్‌ను ఎవరు ఎక్కువగా పోలియుందురో వారికి బహుమానము. నల్లని జుట్టు, తెల్లని మేను, పెద్ద కన్నులు గల స్మిత్ ఆ పోటీలో గెలిచెను. ఇక్కడ కొంచెము ఆగి చూడవలసిన విషయమొకటి కలదు. హెడీ లమార్ అసలు పేరు హెడ్విగ్ కీస్లర్. ఆమెది వియన్నా నగరము. ఎం.జి.ఎం. సంస్థ అధినేత లూయీ మేయర్, మూగచిత్రముల కాలమున మరణించిన బార్బరా లమార్ అను నటి పేరును ఈమెకు తగిలించెను. అనగా డబ్లిను పిల్ల ఎవరివలె ఉన్నదని బహుమానము పొందినదో ఆ స్త్రీయే మరొక చనిపోయిన స్త్రీ పేరును మోయుచుండెను. నీడకు నీడగా మొదలయిన జీవనమిది. మొదటి యెంపికలోనే ఆమె నటన ప్రసక్తి లేదు, ఆమె మాట ప్రసక్తి లేదు, పోలిక యొక్కటే.

ఈ గెలుపు ఆమెను ఇంగ్లండునందలి రాంక్ సంస్థ వాకిటికి చేర్చెను. జె. ఆర్థర్ రాంక్ నాడు బ్రిటిష్ సినిమాకు మకుటములేని మహారాజు. హాలీవుడ్డుతో తులతూగ తారలు కావలెనని యెంచి ఆయన సంస్థ లండనులో హైబరీ స్టూడియో ప్రక్కనే ఒక శిక్షణాలయము నడిపెను. పత్రికలవారు దానికి ‘అందచందాల బడి’ అని వేడుకపేరు పెట్టిరి. నడక, కూర్చుండుట, కత్తియుద్ధము, అన్నిటికంటె ముఖ్యముగా ఉచ్చారణ అచ్చట నేర్పబడెను. క్రిస్టఫర్ లీ, డయానా డార్స్ వంటివారు ఆ బడిలోనివారే. డార్స్ కూడ పుట్టినింటి పేరును వదలుకొన్నదే. ఐర్లండు యాసను తప్పుగా దిద్దు ఈ పాఠములు స్మిత్‌కు రుచింపలేదు. పేరు మార్చుకొమ్మను ఒత్తిడి వచ్చినప్పుడు ఆమె ఒప్పుకొనలేదు. స్మిత్ అనగా ఆంగ్లమున కమ్మరి. మన ఊళ్లలో కమ్మరి సుబ్బమ్మ అన్నట్లే వినబడు సామాన్యమైన పేరు. తారకు అది తగదని సంస్థల అభిప్రాయము. 1947 నాటి ‘బ్రైటన్ రాక్’ మొదలుగా కొన్ని చిత్రములలో ఆమెకు దొరికినవి కన్నుమూసి తెరచునంతలో దాటిపోవు వేషములు.

ఆ పిమ్మట వచ్చిన పెద్ద అవకాశమునకు మూలము ఒక సుంకము. ఈ సంగతిని నటీమణుల చరిత్రలు వ్రాయువారు తరచు విడిచివేయుదురు. కాని ఇది లేక స్మిత్ కథ అర్థము కాదు. యుద్ధమువలన చితికిన బ్రిటను నుండి డాలర్లు పోకుండుటకై 1947 ఆగస్టులో అక్కడి ప్రభుత్వము విదేశచిత్రములపై నూటికి డెబ్బదియైదువంతుల సుంకము విధించెను. హాలీవుడ్డు సంస్థలు బ్రిటనునకు చిత్రములు పంపుట మానివేసెను. 1948 లో రాజీ కుదిరెను: అమెరికా సంస్థలు బ్రిటనులో సంపాదించినదానిలో ఏడాదికి ఒక కోటి డెబ్బది లక్షల డాలర్లు మాత్రము స్వదేశమునకు కొనిపోవచ్చును, మిగిలినది అక్కడనే ఖర్చుపెట్టవలెను. ఇట్లు గడ్డకట్టిన ధనమును కరగించుటకు ఫాక్స్ సంస్థ ఇంగ్లండులో చిత్రములు తీయనారంభించెను. ‘ది మడ్‌లార్క్’ అట్టి చిత్రము. థేమ్సునది బురదలో వస్తువులేరుకొని బ్రదుకు అనాథబాలుడొకడు విక్టోరియారాణిని చూడగోరి కోటలో దూరిన కథ అది. జాన్ నెగ్యులెస్కో దర్శకుడు. ఐరీన్ డన్ రాణి. అలెక్ గిన్నెస్ మంత్రి డిస్రేలీ. రాణివేషమును అమెరికా నటికిచ్చిరని ఆంగ్లపత్రికలు గొణిగినవి. కోటలోని ఐర్లండు పరిచారిక కేట్ నూనన్ వేషము మాత్రము నిజముగా ఐర్లండుపిల్లకే లభించెను. అప్పటికి తనకు మచ్చగా నెంచబడిన యాస ఆ ఒక్క పాత్రలో ఆమెకు ఆభరణమయ్యెను. 1950 లో ఆ చిత్రము రాజకుటుంబము ఎదుట ప్రదర్శింపబడెను.

ఫాక్స్ సంస్థ అధినేత డారిల్ జానక్ దృష్టి ఆమెపై బడెను. ఏడేండ్ల ఒప్పందము చేతికి వచ్చెను. ఈ ఒప్పందమనగా ఎట్టిదో తెలియనిది తరువాతి కథ తెలియదు. కాలిఫోర్నియా చట్టము ననుసరించి నౌకరీ ఒప్పందము ఏడేండ్లు మించరాదు; నటిని పనిలేక కూర్చుండబెట్టిన దినములను ఆ ఏడేండ్లకు కలుపరాదని 1944 లో ఒలీవియా డి హావిలాండ్ న్యాయస్థానమున తీర్పు పొందెను. అంతవరకు మేలే. కాని ఏడేండ్లన్నది నటికి మాత్రమే బంధనము. సంస్థకు నియమితకాలమున కొకమారు ఆమెను వదలుకొను హక్కుండెను. ఆమెకు సంస్థను వదలుకొను హక్కు లేదు. ఏ చిత్రము, ఏ వేషము, ఏ జుట్టురంగు, ఏ పేరు, పత్రికలలో ఏ జన్మవృత్తాంతము అనునవన్నియు సంస్థ నిర్ణయములు. మదరాసు స్టూడియోలలోను ఒకప్పుడు నెలజీతపు నటులుండిరి. విజయా సంస్థవారి ఒప్పందములు మన పెద్దలు ఎరుగనివి కావు. అచ్చటి జీతమునకును ఇచ్చటి జీతమునకును పోలిక లేకున్నను, కాగితము ఎవరి పక్షమున వ్రాయబడినదను విషయమున పోలిక కలదు.

ఆరంభము బాగుగనే యుండెను. 1951 లో ‘ది థర్టీంత్ లెటర్’ వెలువడెను. కెనడాలోని క్వెబెక్ ప్రాంతమున తీసిన ఈ చిత్రము 1943 లో క్లూజో తీసిన ఫ్రెంచిచిత్రమునకు మారురూపము. సంతకములేని ఉత్తరములు ఒక ఊరిని కలచివేయుట ఇతివృత్తము. ఆటో ప్రెమింజర్ దర్శకత్వమున చార్లెస్ బోయర్, లిండా డార్నెల్ సరసన స్మిత్ ముసలి వైద్యుని పడుచుభార్యగా నటించెను. పని కఠినముగా పిండుకొనువాడని పేరుపడిన దర్శకుని చేత నెగ్గివచ్చుట సామాన్యము కాదు.

వెంటనే వచ్చినది ఆమె జీవితపు మలుపు. ‘ది హౌస్ ఇన్ ది స్క్వేర్’ అను చిత్రము కూడ ఇంగ్లండులో చిక్కిన ధనముతోడనే అచ్చటి డెన్‌హామ్ స్టూడియోలో ఫాక్స్ ఆరంభించెను. టైరన్ పవర్ నాయకుడు. ఇరువదవ శతాబ్దపు అణుశాస్త్రజ్ఞుడు పదునెనిమిదవ శతాబ్దమునకు పోయి అక్కడి యువతిని ప్రేమించుట కథ. వర్తమానము నలుపుతెలుపులలోను, గతము రంగులలోను చూపబడెను. ఆ యువతి హెలెన్ వేషము స్మిత్‌దే. డబ్లిను పేటనుండి వచ్చిన ఇరువదిమూడేండ్ల పిల్లకు, హాలీవుడ్డు మహానటుని సరసన, పూర్వకాలపు ఆంగ్ల కులీనస్త్రీ భాషలో ప్రధానపాత్ర. చిత్రీకరణము కొంత జరిగిన పిదప ఆమెను తొలగించి ఆన్ బ్లైత్ అను అమెరికా నటిని తెచ్చి, తీసిన భాగములను మరల తీసిరి. బయటికి చెప్పిన కారణమొకటి, లోపల అనుకొన్నదొకటి కావచ్చును. చిత్రసీమలో అందరికిని తెలిసినది మాత్రమొక్కటే: స్మిత్‌ను తీసివేసినారు.

ఇట్టి తొలగింపు ఫాక్స్ సంస్థకు కొత్త కాదు. వేల్సులో పుట్టి డబ్లినులో పెరిగిన పెగ్గీ కమిన్స్ అను నటిని ‘ఫరెవర్ యాంబర్’ చిత్రమునకు ఎంతో చాటింపుతో పిలిపించి, 1946 లో సగములో ఆపి, ఆమె స్థానమున లిండా డార్నెల్‌ను నిలిపిరి. ఐదేండ్ల వ్యవధిలో ఒకే సంస్థ ఇద్దరు డబ్లిను నటీమణులను భారీచిత్రముల నడుమనుండి దింపినది. ఇది కుట్ర అనుటకు ఆధారము లేదు. ఒకే పద్ధతి రెండుమారులు ఒకే ఫలమునిచ్చినదనుటకు మాత్రము సందేహము లేదు. ముఖమును చూచి ముందుగా కొనుట, మాట చాలదని తరువాత పారవేయుట అను పద్ధతి అది. పెగ్గీ కమిన్స్ ఆ దెబ్బనుండి కోలుకొని 1950 లో ‘గన్ క్రేజీ’ చిత్రమున చిరకీర్తి పొందెను, ఇంగ్లండులో సుఖముగా జీవించెను. అందుచేత దెబ్బ తగిలినవారందరును కూలిపోవుదురని వాదించుట కూడ సత్యము కాదు. కమిన్స్ చిన్ననాటనుండి రంగస్థలముపై నటించినది. స్మిత్‌కు కాలు నిలుపుకొన వేరొక నేల లేకుండెను.

1951 లోనే ఆమె బ్రైయన్ ఫోర్బ్స్ అను ఆంగ్లనటుని వివాహమాడెను. ఆయన అప్పటికి పేరులేని యువకుడు. తరువాతి కాలమున ‘విజిల్ డౌన్ ది విండ్’ (1961) వంటి చిత్రముల దర్శకుడుగా ప్రసిద్ధుడయ్యెను. భార్యకు అమెరికాలో పని, భర్తకు ఇంగ్లండులో వెదుకులాట. సంసారమునకు నడుమ అట్లాంటిక్ మహాసముద్రము. 1955 లో వివాహము రద్దయ్యెను. ఫోర్బ్స్ అసలు పేరు జాన్ క్లార్క్. తెరపై నిలువ ఆయనయు పేరు మార్చుకొన్నవాడే. ఫిట్జ్‌సైమన్స్ అను ఇంటిపేరు పొడవైనదని ఒహారాగా మార్పబడినప్పుడు మౌరీన్ సమ్మతించెను. ఫాక్స్ సంస్థలోనే నార్మా జీన్ మేరిలిన్ మన్రోగా మారెను. ఇందరి నడుమ కమ్మరి పేరును వదలని కాన్‌స్టన్స్ స్మిత్ ఒక్కతెయే కనబడును. దీనిని మొండితనమనిన అనవచ్చును. తెరపేరుల వాడలో ఆమె తనదని నిలుపుకొనగల్గిన వస్తువు అదొక్కటే యుండెను.

తొలగింపు తరువాతను ఫాక్స్ ఆమెను వెంటనే వదలలేదు. 1952 లో అకాడమీ బహుమానముల సభలో బహుమానమందించువారిలో ఒకతెగా ఆమె వేదికపై నిలిచెను. పైకి చూచువారికి తార వెలుగుచునే యున్నది. కాని ఆ యేడును మరుసటియేడును ఆమెకిచ్చిన వేషములను వరుసగా చూచిన సంస్థ మనసు తెలియును. ‘రెడ్ స్కైస్ ఆఫ్ మోంటానా’ అడవులలో కార్చిచ్చు నార్పు వీరుల కథ; ఆమె ఇంటివద్ద ఎదురుచూచు భార్య. ‘లూర్ ఆఫ్ ది వైల్డర్‌నెస్’ చిత్రమున నాయిక జీన్ పీటర్స్. నాయకునిపై అలుగు రెండవ యువతి స్మిత్. ఈ చిత్రము రెన్వార్ 1941 లో తీసిన దానికి మారుకూర్పు. కార్నెల్ వైల్డ్ నాయకుడుగా 1953 లో వెలువడిన ‘ట్రెజర్ ఆఫ్ ది గోల్డెన్ కాండర్’ కూడ 1942 నాటి టైరన్ పవర్ చిత్రపు మారుకూర్పే. పాత కథలను రంగులద్ది మరల అమ్ము కాలమున, మరొకరి పోలికతో పైకివచ్చిన నటి ఆ కథలలోనే తిరుగుచుండుట గమనింపదగినది.

వీనిలో ఒక్క చిత్రమును వేరుగా నెన్నవలెను. 1953 నాటి ‘టాక్సీ’ గొప్ప చిత్రము కాదు. గ్రెగరీ రాటాఫ్ న్యూయార్కు వీధులలో తీసిన చిన్న కథ. పసిబిడ్డను చంకనిడుకొని ఓడదిగి, చిరునామా తెలియని భర్తను వెదకు ఐర్లండు యువతిగా స్మిత్, ఆమెను ఊరంతయు త్రిప్పు టాక్సీవానిగా డాన్ డేలీ. ఈ కథయు ఒక ఫ్రెంచిచిత్రమునుండి ఎరువు తెచ్చినదే. అయినను ఆమె స్వదేశపు మాట, వలసవచ్చిన స్త్రీ బెదరు, గట్టిదనము ఇందులో కలిసివచ్చినవి. ‘మడ్‌లార్క్’ తరువాత మూడేండ్లకు సంస్థ ఆమెకు ఆమె యాసను తిరిగి ఇచ్చినది ఇచ్చటనే. అప్పటికి ఆలస్యమయ్యెను.

ఏలయన హాలీవుడ్డు నేలయే కదలుచుండెను. 1946 లో అమెరికాలో వారమునకు తొమ్మిదికోట్ల ప్రేక్షకులని లెక్కవేసిన సినిమాలకు ఏడెనిమిదేండ్లలో సగము మాత్రమే మిగిలిరి. ఇంటింట టెలివిజను వెలసెను. నిర్మాణసంస్థలు స్వంత సినిమాహాళ్లను విడిచివేయవలెనని 1948 లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. హాళ్లు లేని సంస్థకు ఏటేట అన్నన్ని చిత్రములును, అందరందరు జీతపు నటులును అనవసరము. 1953 సెప్టెంబరులో ఫాక్స్ ‘ది రోబ్’ చిత్రముతో సినిమాస్కోపు పెద్దతెరను తెచ్చి, తన ధనమంతయు ఆ వైపునకే మళ్లించెను. పాత కొలత తెరకు చౌకచిత్రములను పనోరమిక్ అను వేరు సంస్థ తీసి ఫాక్స్‌నకు అందించుచుండెను. ఆ యేటి చివర వచ్చిన స్మిత్ చిత్రము ‘మ్యాన్ ఇన్ ది ఆటిక్’ ఆ చౌకవరుసలోనిది. లండనులో స్త్రీలను చంపు హంతకుడేమోయని శంకింపబడు అద్దెవానిగా జాక్ పాలెన్స్, సంగీతశాల గాయని లిలీగా స్మిత్. అదియు హిచ్‌కాక్ 1927 లో తీసిన కథకే మరొక రూపము. మేరిలిన్ మన్రో ‘నయాగరా’తో తెరనిండిన సంవత్సరమది. స్మిత్‌తో ఫాక్స్ సంబంధము అంతటితో ముగిసెను. ఏడేండ్ల కాగితము సగము కాలము కూడ నడువలేదు.

తరువాతి చిత్రములు చిన్నవి. అమెరికాలో ‘ది బిగ్ టిప్ ఆఫ్’ (1955), ఇంగ్లండులో ‘ఇంపల్స్’, ‘టైగర్ బై ది టెయిల్’ అను నేరకథలు. ఈ ఆంగ్లచిత్రములలో ఆమెతో పనిచేసినవారి పేర్లు చూచిన ఆశ్చర్యము కలుగును. ‘ఇంపల్స్’ను తీసిన సై ఎండ్‌ఫీల్డ్, కమ్యూనిస్టు అను అనుమానముచేత హాలీవుడ్డు వాకిళ్లు మూసివేయగా ఇంగ్లండు చేరినవాడు, తన పేరు తెరపై వేసికొనుటకు కూడ ఆయనకు వీలులేకపోయెను. ‘టైగర్ బై ది టెయిల్’ నాయకుడు లారీ పార్క్స్ 1951 లో అమెరికా శాసనసభాసంఘము ఎదుట విచారింపబడి అవకాశములు కోల్పోయినవాడు. హాలీవుడ్డు వెలివేసినవారు చేరు సత్రముగా నాటి బ్రిటిష్ చౌకచిత్రసీమ యుండెను. ఆమెను వెలివేసిన కారణము వేరు; సత్రము మాత్రమొక్కటే.

అచ్చటినుండి ఇటలీ. విట్టోరియో గాస్‌మన్ నటించిన ‘జియోవన్నీ దల్లె బందె నెరె’ (1956) వంటి కత్తిసాము చిత్రములలో ఆమె కనబడెను. ఇటాలియను చిత్రములలో మాటలను తరువాత వేరొకరిచేత చెప్పించి చేర్చుట వాడుక. ఉచ్చారణ దిద్దు బడిలో మొదలయిన నటి పయనము, స్వరమే అక్కరలేని చోటికి చేరెను. అక్కడ రెండవ వివాహము జరిగి, అదియు నిలువలేదు. 1959 నాటి ‘లా కొంజురా దెయి బోర్జా’తో ఆమె నటజీవితము ముగిసెను. అప్పటికి ఆమె వయస్సు ముప్పదియొకటి.

ఆ కాలముననే పాల్ రోథాతో పరిచయమయ్యెను. రోథా సామాన్యుడు కాడు. 1907 లో జన్మించి, ఇరువదిమూడవయేటనే ‘ది ఫిల్మ్ టిల్ నౌ’ అను ప్రపంచచలనచిత్ర చరిత్రను వెలువరించినవాడు, వాస్తవచిత్రములకు బ్రిటనులో పునాదివేసినవారిలో ఒకడు, కొంతకాలము బి.బి.సి. టెలివిజనులో వాస్తవచిత్రశాఖాధిపతి. ఐర్లండు దేశదిమ్మరుల బ్రదుకుపై 1951 లో ‘నో రెస్టింగ్ ప్లేస్’ అను కథాచిత్రమును ఆ దేశపు గుట్టలలోనే తీసెను. ఐర్లండు బీదవారి ముఖములను స్టూడియో రంగులు లేకుండ తెరకెక్కించిన దర్శకుడు ఆ యేడు విక్లోలో ఉండగా, ఐర్లండు బీదయింటి నటి డెన్‌హామ్‌లో ఆంగ్లకులీన వేషము వేసి తొలగింపబడినది. ఇరువురును కలిసికొన్నది ఇద్దరి మంచికాలమును దాటిన తరువాత. చెప్పక తప్పని మరొక చిన్న విషయము: రోథా ఇంటిపేరు పుట్టుకతో థాంప్సన్.

వారి సాంగత్యమున మద్యమును, కలహమును, విడువలేని మమకారమును కలిసియుండెను. 1961 చివర ఆమె రోథాను కత్తితో పొడిచెను. 1962 లో న్యాయస్థానము మూడునెలల కారాగారశిక్ష విధించెను. పదేండ్ల క్రిందట ఆమె చిత్రములను ప్రకటించిన పత్రికలే ఆ విచారణను పెద్దయక్షరములతో అచ్చువేసెను. 1968 లో అట్టిదే మరల జరిగెను. ఈ ఘటనలకు సంస్థల ఒప్పందములు కారణమని చెప్పి ఆమెను నిర్దోషిని చేయుట చరిత్రకారుని పని కాదు. గాయపడినది రోథా దేహము. అయినను ఒక మాట. పోలికను బట్టి యెన్నుకొని, మాటను మార్చజూచి, ఒకమారు అందరియెదుట పీటనుండి లేపివేసిన తరువాత, ఆ మనిషి లోపల నేమి జరిగినదో కనుగొనవలసిన బాధ్యత ఏ కాగితమునందును వ్రాయబడియుండలేదు.

1974 లో వారు చట్టరీత్యా వివాహము చేసికొనిరి. రోథా 1984 లో మరణించెను. దాని ముందును వెనుకను స్మిత్ ఆస్పత్రులలో, ఆశ్రయగృహములలో కాలము గడపెను. ఆరోగ్యము కుదుటపడినప్పుడు ఊడ్చి తుడుచు పనిచేసి బ్రదికెను. ఆమెను గుర్తించి పలుకరించిన అభిమానులు బహుశః లేరు. టెలివిజనులో అర్ధరాత్రివేళ ‘మ్యాన్ ఇన్ ది ఆటిక్’ వంటివి తిరుగుచునే యుండెను. ఐర్లండు చలనచిత్ర చరిత్రకారులు ఆమెను మరల తలచుకొన్నది ఆమె జీవితపు చివరి దినములకు ఇటుప్రక్కనే. 2003 జూన్ నెలలో లండనులోని ఇస్లింగ్టన్ ప్రాంతమున ఆమె మరణించెను. అప్పటికి డెబ్బదియైదేండ్లు. రాంక్ సంస్థవారి ఉచ్చారణపాఠములు జరిగిన హైబరీ ఆ ఇస్లింగ్టన్‌లోని భాగమే.